గిర్నీ అమ్మా, టీవీలో నాలుగో రంగూ

ఇప్పుడు టీవీ కావాలంటే ఫోన్ మీద వేలు నొక్కితే చాలు, మర్నాటికి గుమ్మంలో ఉంటుంది. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో టీవీలు అమ్మిన ఆ రోజుల్లో అలా కాదు, టీవీ కొనడమంటే కుటుంబమంతా కలిసి వచ్చి చేసే పని. పెద్దవాళ్ళు స్టూళ్ళ మీద, పిల్లలు ఫ్రిజ్‌ల తలుపులు తీసి మూస్తూ, అల్లుడుగారు రిమోట్ పట్టుకుని, అందరూ అన్ని అభిప్రాయాలూ చెప్పాక "మంచిరోజు చూసుకొని ఒస్తం" అని వెళ్ళిపోయేవారు. (ఆ మంచిరోజు ఎప్పుడూ పక్క షాపులో వచ్చేది.) డిగ్రీ అయిపోయిన కొత్తలో అక్కడ సేల్స్‌మన్‌గా చేరాను. మెడలో టై, కాళ్ళకు మా మేనమామ బూట్లు, నోట్లో నాలుగు ఇంగ్లీషు ముక్కలు. 'కాంట్రాస్ట్' అనే మాట రోజంతా వాడేవాణ్ణి గానీ, అదేమిటని ఎవరైనా అడిగితే మంచినీళ్ళు తెస్తానని లోపలికి వెళ్ళేవాణ్ణి.

సరిగ్గా అప్పుడే నాలుగు రంగుల టీవీ వచ్చింది. మామూలు టీవీ తెర నిండా కంటికి ఆనని ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలుంటాయి. ఆ మూడింటి వెలుగు కలిసే మనకు అన్ని రంగులూ కనిపిస్తాయి. ఈ కొత్తదాంట్లో అదనంగా పసుపు చుక్క పెట్టారు. కంపెనీవాళ్ళు వచ్చి "బంగారం బంగారంలా, బంతిపువ్వు బంతిపువ్వులా" అని మా చేత ఎక్కాల్లా వల్లె వేయించారు. దాని పక్కనే మూడు రంగుల టీవీలో అదే బంతిపూల వీడియో పెట్టి ఒక కన్ను మూసి చూశాను, తల వంచి చూశాను, మెట్ల దగ్గర్నుంచి చూశాను. రెండూ ఒకేలా ఉన్నాయి. అంత పెద్ద కంపెనీ అబద్ధం చెబుతుందా, లోపం నా కళ్ళలోనే ఉందనుకున్నాను.

మా మేనేజర్ గారిది భీమవరం. "తేడా చూడ్డం కాదయ్యా, చూపించడం నీ పని. దసరాలోగా ఈ పీసు అమ్మావా, ఉద్యోగం ఖాయం. లేదంటే మీ నాన్నగారి లారీ ఉండనే ఉందిగా" అన్నారు. నాన్న లారీ మీద క్లీనర్‌గా పోవడమే నాకున్న రెండో దారి. నాకేమో లారీ ఎల్బీనగర్ చౌరస్తాలో మలుపు తిరిగితే కడుపులో తిప్పేది, హయత్‌నగర్ దాటకముందే వాంతి. "డ్రైవర్ కొడుకువు, బండి పడదంటే నలుగురు నవ్వరా?" అని నాన్న నిజంగానే బాధపడేవాడు. కాబట్టి ఆ టీవీ అమ్ముడుపోవడం నాకు చావుబతుకుల సమస్య.

దసరాకు ముందువారం గిర్నీ అమ్మ వచ్చింది. చంపాపేట్‌లో పసుపూ కారం పట్టే గిర్నీ ఆమెది. నల్లగొండ దిక్కు పల్లె నుంచి వచ్చి సొంతంగా నిలబడ్డ మనిషి. మోచేతుల దాకా పసుపు, చీర అంచున పసుపు. వెనకాల మాటా పలుకూ లేని భర్త, ఆయన మీసాలు కూడా పసుపే. ఇంతకన్నా తగిన బేరం దొరకదని నేను ఉత్సాహంగా పాఠం మొదలుపెట్టాను. "అమ్మా, మిగిలిన టీవీల తీరు కాదిది. గీ దాంట్ల పసుపు రంగు ఎక్స్‌ట్రా ఏసిండ్రు."

ఆమె మొహంలో నవ్వు మాయమైంది. "ఏందీ? రంగేసిండ్రా? సిగ్గు లేకుంట పైకే చెప్తున్నవేంది బిడ్డా!"

నాకేం తెలుసు, ఆమె జీవితమంతా ఆ ఒక్క పాపం మీదే యుద్ధమని! ఎదురు గిర్నీవాడు పసుపులో రంగు కలిపి, అదే బాగా మెరుస్తుందని ఆమె గిరాకీలను లాక్కుంటున్నాడట. అలాంటి మనిషి ముందు 'అదనపు పసుపు' అని చాటింపు వేశాను. "నడువ్, గోరెచ్చటి నీళ్ళు పట్టుకరా. అసలు పసుపైతె నీళ్ళ అడుక్కు పోతది. రంగేసిందైతె నీళ్ళన్ని రంగైతయి" అందామె.

"అమ్మా, టీవీని నీళ్ళల్ల ముంచొద్దమ్మా!"

"ముంచనీకె నేనేమన్న పిచ్చిదాన్నా? తుడుస్త."

భర్త భుజం మీది తెల్ల తువ్వాలు లాగి, నేను తెచ్చిన నీళ్ళలో కొస తడిపి, పిండి, తెర మీది బంతిపూలను ఆ చివర్నుంచి ఈ చివరికి గట్టిగా రుద్దింది. తర్వాత తువ్వాలు ఎత్తి అందరికీ చూపించింది. పసుపు! "సూడుండ్రి! రంగు దిగింది!" వాషింగ్ మెషిన్లు చూస్తున్నవాళ్ళంతా చుట్టూ మూగారు. "ఇదేమిటండీ, మొన్న మా చెల్లెలు ఇక్కడే కొంది!" అని గుంటూరు వైపు ఆవిడెవరో గుండె మీద చెయ్యి వేసుకుంది. నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం నేనూ నమ్మేశాను. నా కళ్ళముందు లారీ రివర్స్‌లో వస్తోంది.

మేనేజర్ గారు పరుగున వచ్చి "అది మీ చేతి పసుపండీ, తల్లీ" అన్నారు. ఆమె రెండు చేతులూ ఆయన ముక్కు ముందు పెట్టింది. "నాది అసలు పసుపు సారూ, ఊడేది కాదు." ఇక లాభం లేదని ఆయన సైన్సులోకి దిగారు. "అసలు మిగతా టీవీల్లో పసుపన్నదే ఉండదండీ. ఎరుపు వెలుగూ ఆకుపచ్చ వెలుగూ కలిపి, పసుపని మన కంటిని నమ్మిస్తారు."

"కారం, గోరింటాకు కలిపితె పసుపైతదా? ఎవలింట్ల?"

ఆ మాటతో నాకు ప్రాణం లేచివచ్చింది. డబ్బాల మీది సన్నక్షరాలు చదవడానికి కౌంటర్లో భూతద్దం ఉండేది. దాన్ని తెచ్చి మామూలు టీవీలోని బంతిపువ్వు మీద పెట్టాను. "మీరే చూడుండ్రమ్మా." ఆమె వంగి చూసింది. అన్నీ ఎర్ర చుక్కలు, ఆకుపచ్చ చుక్కలు. పసుపు మచ్చుకైనా లేదు. కొత్త టీవీ మీద పెట్టాను. వాటి మధ్య పసుపు చుక్క వెలుగుతోంది. ఆమె నెమ్మదిగా నడుం ఎత్తింది. "అంటె ఇన్నేండ్ల సంది మా ఇంట్ల చూసిందంత కల్తీయేనా?"

"కల్తీయేనమ్మా. గీ ఒక్కదాంట్లనే అసలు పసుపు."

"మరి దూరంకెంచి రెండు ఒక్క తీర్గనే కనవడ్తున్నయ్ గద?"

"మంచినీళ్ళు తెస్తనమ్మా" అన్నాను నేను. మేనేజర్ గారు పైకప్పు చూస్తున్నారు. నేను మెట్ల దగ్గర నిలబడి కనిపెట్టిందే, కంపెనీ మొత్తం మాకు చెప్పకుండా దాచిందే, ఆమె ఒక్క చూపులో అనేసింది. మళ్ళీ జవాబూ ఆమే చెప్పుకుంది: "అంతే. కల్తీది గూడ దూరంకెంచి మంచిదాని తీర్గనే కనవడ్తది. అందుకే జనం మోసపోతరు. గీ టీవీ కట్టియ్యి."

నా ఉద్యోగం ఖాయమైంది. కొన్నాళ్ళకు ఆమె షాపుకు ఫోన్ చేసి "వార్తలు చదివే పిలగానికి కామెర్లయినట్టున్నయ్, జర దవాఖానకు పొమ్మని చెప్పు" అంది. మేనేజర్ గారు అప్పుడు నాకు చాటుగా అసలు సంగతి చెప్పారు. "కెమెరా తీసేది మూడు రంగులే, స్టేషన్ పంపేదీ మూడే. నాలుగోదానికి చెప్పేవాడెవడూ లేడు కాబట్టి, టీవీయే ఊహించుకుని పసుపు కొడుతుందయ్యా."

తర్వాత ఆ నాలుగో రంగు బజార్లో కనిపించకుండా పోయింది. నేను ఎల్బీనగర్‌లో చిన్న షాపు పెట్టుకున్నాను. (లారీ ఇప్పటికీ పడదు.) మొన్న పసుపు పట్టించడానికి చంపాపేట్ వెళితే, గిర్నీలో గోడ మీద అదే టీవీ! తెర మీద వేలి మందాన పసుపు పేరుకుని, వార్తలు, వంటలు, క్రికెట్ మైదానం అన్నీ పచ్చటి పసుపులో మునిగున్నాయి. "చూసినవా బిడ్డా, గిన్నేండ్లయినా రంగు జరంత గూడ తగ్గలే" అని మురిసిపోయింది గిర్నీ అమ్మ. చెయ్యి ఊరుకోక, రుమాలు తీసి ఒక మూల తుడిచాను. అక్కడ ఇంత నీలం ఆకాశం బయటపడింది. ఆమె ముఖం చిట్లించింది. "గా మూలకేమైంది? ఖరాబైనట్టుంది." అప్పుడు ఆమె భర్త, ఈ రోజుకీ మాట్లాడని మనిషి, లేచి వచ్చి పసుపు నిండిన అరచేత్తో ఆ మూలను మెల్లగా పామి, మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు.

మేనమామ బూట్లలో నిలబడి, ఒక కన్ను మూసి, తేడా కోసం తంటాలుపడిన ఆ కుర్రాడు గుర్తొచ్చాడు. పాపం, వాడిప్పుడు ఇక్కడుంటే బాగుండేదనిపించింది. పసుపంటిన రుమాలు జేబులో పెట్టుకుని, గిర్నీ మెట్ల దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి చూశాను. ఇన్నేళ్ళకు నాకు తేడా స్పష్టంగా కనిపించింది.