చూలైలో దొరికిన పెట్టె

నెల్లూరులో పొద్దున ఆరు గంటల పాసింజరు ఎక్కాను. పాత జాజ్ పత్రికల కోసం ఏడాదికి రెండు మూడుసార్లు మద్రాసు పోతూనే ఉంటాను. ఈసారి మాత్రం ఒకే ఒక్క సంచిక కోసం. ఆ విలాయతీ పత్రికలో మా అన్న బొమ్మ ఉంది. అన్న మౌంటు రోడ్డు హోటల్లో క్లారినెట్ వాయించేవాడు. నిరుడు వేసవిలో టైఫాయిడ్ వచ్చి పోయాడు. పెళ్ళికి ఫోటో తీయించుకోలేదు. ఆయన పోయిన మూడు నెలలకు పుట్టిన కూతురికి తండ్రి మొహం చూపించాలంటే ఆ ఒక్క పేజీయే దిక్కు. మద్రాసు రాయపురంలో వాళ్ళ ఇల్లు ఖాళీ చేసి నెల్లూరు వచ్చేటప్పుడు, చదివేవాళ్ళెవరని వదిన ఆ పత్రికలన్నీ పాతకాగితాలవాడికి వేసేసింది.

తప్పు వదినది కాదు, నాది. అన్న బతికుండగా రెండు సంచికలు నా ముందు పెట్టి, "ఒకటి తీసుకోరా" అన్నాడు. అన్న బొమ్మ ఉన్నది వదిలి, అట్ట మీద అమెరికా ట్రంపెట్ విద్వాంసుడున్నది తీసుకున్నాను. అన్న ఎక్కడికి పోతాడులే అనుకున్నాను. బుద్ధి గడ్డి తినడమంటే అదే.

పదకొండున్నరకు సెంట్రల్లో దిగాను. ఎదురుగా హోటల్లో రెండిడ్లీలు, కాఫీ. సామాను లేనివాళ్ళు ఆ పాతకాగితాలవాడుండే చూలై పేటకు నడిచే పోవచ్చు, రిక్షా దండగ. వదిన చెప్పిన గుర్తులతో పాతకాగితాల అంగడి పట్టుకునేసరికి పన్నెండున్నర. అంగడాయన తలెత్తకుండానే చెప్పాడు.

"ఆ నున్న కాగితం పొట్లాలకి పనికిరాదు సామీ. ఆడ, ట్రంకుపెట్టెల నాయుడికి ఇచ్చేస్తిని."

నాయుడుగారిది తాతలనాటి నుంచీ మద్రాసే. పెళ్ళిపెట్టెలు చేస్తాడు. చీరలకు తుప్పంటకుండా లోపలంతా కాగితం అంటిస్తాడు. ఒక్కో మూతా ఎత్తి చూశాను. నాలుగో పెట్టె మూతలో, క్లారినెట్ మూతి దగ్గర బిగించే రెల్లుబద్దల, అదే రీడ్ల ప్రకటన, దాని చుట్టూ పెన్సిల్ గీత. అన్న గీసిందే. ఆ రీడ్లు తెప్పించుకోవాలని ఏడాదంతా అంటుండేవాడు. ఆ కాగితానికి రెండో వైపునే అన్న బొమ్మ.

"బొమ్మను లోపలికి తిప్పి అంటించారేం?" అన్నాను.

"పెళ్ళికూతురి పెట్టెలో పరాయి మగోడి మొగముంటే ఒప్పుతారా సామీ? అందుకే బొమ్మ రేకు పక్క, అచ్చు ఈ పక్క."

ఊడదీయమని బతిమాలాను. తడిగుడ్డతో ఒక మూల నానబెట్టి గోటితో లేపాడు. కోటు భుజం ముక్క కనిపించింది. అంతలోనే అది చిరిగి సగం రేకుకే ఉండిపోయింది.

"పురుగు పట్టకుండా మైదాబంకలో మైలుతుత్తం వేసి కాచినాను. ఇంక లాగితే ఏమీ మిగలదు. ఎవురు సామీ ఆయన?"

"మా అన్న."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "తెలీకపాయె" అన్నాడు. పెట్టెకు రేకు ఖరీదు మాత్రమే పుచ్చుకున్నాడు.

మూడు గంటల బండెక్కాను. గూడూరులో ఎక్కిన ముసలమ్మ పెట్టె చూసి, "ఎవరి పెళ్ళి నాయనా?" అనడిగింది. జవాబు చెప్పబోతే ఏడుపొచ్చింది. పత్రికలు సేకరించేవాళ్ళకు ఒక్కటే చెబుతాను. పేరున్నవాళ్ళ బొమ్మలు ఎక్కడైనా దొరుకుతాయి. మనవాళ్ళవి ముందు దాచుకోండి.

నెల్లూరు స్టేషనుకు వదిన బిడ్డనెత్తుకుని వచ్చింది. జరిగిందంతా చెప్పాను. మూత ఎత్తి, "ఈడనేనా ఉండేది?" అని ఆ కాగితం మీద అరచెయ్యి ఆనించింది. చాలాసేపు తీయలేదు.

"పాప గుడ్డలు ఇందులోనే పెడతా అబ్బయ్యా" అంది. "బాగా ఆరినాకనే. తడి తగలకూడదు గదా."