లాకు గోడ మీద వరసగా నిలబడ్డ ఇంగ్లీషు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లోకంలో లేదు. మద్రాసులో ఇంజనీరింగు చదువు ప్యాసై, కొత్త కోటు కుట్టించుకుని, రాజమండ్రికి దిగువన కాలువ మీద పడవలను ఎక్కించి దించే ఒక లాకు దగ్గర తాత్కాలిక ఓవర్సీరుగా చేరిన కుర్రాడికి తెలియనిది ఏముంటుంది? నీటి వాలు ఎంతో, ఇటుకకు సున్నం ఎంతో, గట్టుకు ఏటవాలు ఎంతో అన్నీ కాగితం మీద గీసి చూపించగలను. ఇంగ్లీషును కూడా అలాగే గీశాను. అడ్డంగా క్రియలు, నిలువుగా ఇన్, ఆన్, అట్, అండర్ లాంటి చిన్న మాటలు, గడుల్లో నామవాచకాలు. మన భాషలో 'లో', 'మీద', 'కింద' అనేవి మాట వెనకాల అణకువగా నడుస్తాయి. ఇంగ్లీషులో అవి డవాలీ బంట్రోతుల్లా మాటకు ముందు నడుస్తాయి. పైగా ఏ బంట్రోతు ఏ అధికారి ముందు నడవాలో ఎవరూ తేల్చి చెప్పలేదు. ఆ లోటు నేను తీర్చాననుకున్నాను. 'లుక్' పక్కన 'ఆఫ్టర్' పెడితే తరవాత చూడడం అని నా పట్టిక తేల్చింది. (కనిపెట్టుకుని ఉండడం అని రాసినవాడికి పరీక్షలో మార్కులు పడ్డాయి. అది అతని అదృష్టం అని సరిపెట్టుకున్నాను గానీ పట్టిక మార్చలేదు.)

నేను చేరేసరికి ఆ లాకు ఆఫీసులో ఇంగ్లీషు ఉంది. కాకపోతే అది ఒకరి దగ్గర లేదు, ముగ్గురు పంచుకున్నారు. నామవాచకాలు గోదాము బాబాయిగారివి. ఆయన నాకు దూరపు వరసలో బాబాయి, లాకు గోదాముకు పెద్ద. పార, మోకు, తారుడబ్బా, గునపం, ఏ వస్తువుకైనా ఇంగ్లీషు పేరు ఠక్కున చెప్పేవారు. ఆ వస్తువు ఏం చేసిందో చెప్పడం మాత్రం గోదాము పని కాదని ఆయన నమ్మకం. క్రియలు మేస్త్రీగారివి. తవ్వు, ఎత్తు, లాగు అని కూలీలను పొద్దస్తమానం అదిలించే మనిషి కాబట్టి ఇంగ్లీషులోనూ ఆయనకు పనులు తప్ప మరేమీ అంటలేదు. ఇక మీద, కింద, వెనక, ముందు అనే చిన్న మాటలన్నీ హెడ్డుగుమాస్తాగారి సొత్తు. కాగితాల నెత్తిన 'టు' అనీ 'ఫ్రమ్' అనీ 'త్రూ' అనీ రాసి రాసి వాటి మీద హక్కు సంపాదించారు. వాటిని పొడుంకాయలో నస్యంలా దాచుకుని, అవసరమైనప్పుడు చిటికెడు తీసేవారు.

పై ఇంజనీరు దొరగారు పడవ మీద తనిఖీకి వస్తే ముగ్గురూ ఈ వరసలోనే లాకు గోడ మీద నిలబడేవారు. మట్టి మోసే పడవ ఏదని దొరగారు అడిగితే బాబాయిగారు 'బోట్' అనేవారు. మేస్త్రీగారు 'స్టాండింగ్' అనేవారు. హెడ్డుగారు గొంతు సవరించుకుని 'బిహైండ్' అనేవారు. దేని వెనకో చెప్పడానికి వాక్యం మళ్లీ బాబాయిగారి దగ్గరికి నడిచి వచ్చేది. ఆయన 'షెడ్' అనగానే అందరూ ఊపిరి పీల్చుకునేవారు. దొరగారి తల ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి తిరుగుతుండేది. ఈ కచేరీ నేను పుట్టకముందు నుంచీ నడుస్తోందట. మొదటిసారి చూసినప్పుడు నాకు సగం నవ్వు, సగం జాలి కలిగాయి. లెక్క ప్రకారం ఇంకేమీ మిగలకూడదు గానీ బోలెడు గర్వం మిగిలింది.

ఇంతలో నా ఉద్యోగానికి ముప్పు వచ్చింది. లాకు దిగువ తలుపు గడప కింద నుంచి నీరు ఊరుతోంది. ఎండాకాలం కాలువకు నీరు ఆపి కట్టేసినప్పుడే దాన్ని బాగు చేయాలి. కట్టేసేముందు దొరగారు ఆఖరిసారి పడవ మీద వస్తారు. అప్పుడు ఆయన సరేనంటే పని ఉంటుంది, పని ఉంటే నేనుంటాను, నన్ను ఖాయం చేస్తారు. కాదంటే కోటు మడత పెట్టుకుని మొగల్తూరు వెళ్లి, నేను ఓవర్సీరునని ఊరంతా చెప్పుకుంటున్న మా అమ్మకు మొహం చూపించాలి. ఇంత కీలకమైన విషయాన్ని మూడు ముక్కల ఇంగ్లీషుకు వదిలిపెట్టడం నావంటి శాస్త్రజ్ఞుడికి తగునా? తనిఖీకి ముందురోజు ముగ్గురినీ కూర్చోబెట్టి, రేపు మీరెవరూ శ్రమపడనక్కర్లేదు, దొరగారితో నేనొక్కణ్ణే మాట్లాడతాను, మూడూ నా దగ్గరున్నాయి అని చెప్పాను.

మేస్త్రీగారు నా మొహం వంక చూసి, "ఆయ్, మూడూనా అండి? మరి మింగుడు పడుతున్నాయాండీ?" అన్నారు. బాబాయిగారు నన్ను పక్కకు పిలిచి, జ్వరమేమైనా తగిలిందేమోనని నుదురు తాకి చూశారు. హెడ్డుగారు మాత్రం నింపాదిగా పొడుం పీల్చి, "అలాగే కానీ బాబూ. కాకపోతే దొరగారికి మా ఇంగ్లీషు అలవాటు. నీది ఎలా ఉంటుందో ఏంటో" అన్నారు. పాపం, వాటా పోతుందని దిగులు పడుతున్నారనుకుని ఆయన మీద జాలి కూడా పడ్డాను.

మర్నాడు దొరగారి పడవ లాకులోకి వచ్చి ఆగింది. ముగ్గురూ అలవాటు ప్రకారం వరసగా నిలబడితే నేను వాళ్లకు ఎడమ పక్కన, నాలుగడుగుల ముందు నిలబడ్డాను. ఏమిటి సంగతని దొరగారు అడిగారు. నేను మొదలుపెట్టాను. తలుపు, దాని అడుగున గడప, దాని అడుగున ఇటుకకట్టు, దాని గుండా నీరు, ఆ నీటి వల్ల మున్ముందు జరగబోయే ప్రమాదం, ఆ ప్రమాదానికి ముందే కాలువ కట్టేసిన కాలంలో చేయవలసిన పని, ఇదంతా ఒకటే వాక్యం. ప్రతి బంట్రోతూ తన అధికారి ముందే నడిచాడు. మధ్యలో ఎక్కడా ఆగలేదు. ఆగితే అందం చెడుతుంది కదా.

దొరగారు నన్ను ఆపాదమస్తకం చూశారు. తరవాత అలవాటు కొద్దీ తల తిప్పి బాబాయిగారి వంక చూశారు. బాబాయిగారు ఆకాశం వంక చూశారు. దొరగారి తల మేస్త్రీగారి మీదుగా హెడ్డుగారి దాకా వెళ్లి, మిగతా వాక్యం కోసం అక్కడే ఆగింది. నేను మొత్తం మళ్లీ చెప్పాను, ఈసారి ఇంకో రెండు ఉపవాక్యాలు చేర్చి. దొరగారు కనుబొమలు ముడిచి హెడ్డుగారిని ఏదో అడిగారు. (ఈ అబ్బాయి మద్రాసు నుంచి వచ్చాడు కదా, మాట్లాడింది అరవమా అని అడిగారట. హెడ్డుగారు ఈ సంగతి చాలా కాలం నాకు చెప్పలేదు. చెప్పిన రోజున మాత్రం ఆఫీసంతటినీ పిలిచి చెప్పారు.) బట్లరు వచ్చి భోజనం సిద్ధమన్నాడు. పడవవాళ్లు గెడలు ఎత్తారు. దిగువ తలుపు తెరవడానికి మనుషులు కదిలారు. నా కళ్ల ముందు మొగల్తూరు, మా ఇంటి అరుగు, అరుగు మీద అమ్మ కనిపించారు.

అప్పుడు హెడ్డుగారు నా కోటు వెనక పట్టుకుని వరసలోకి లాగి, బాబాయిగారికి కనుసైగ చేశారు.

"వాటర్" అన్నారు బాబాయిగారు.

"కమింగ్" అన్నారు మేస్త్రీగారు.

హెడ్డుగారు గొంతు సవరించుకుని, ఆ చిన్నమాటను ఎంతో భద్రంగా బయటికి తీశారు. "అండర్."

"డోర్" అన్నారు బాబాయిగారు.

దొరగారి మొహం విచ్చుకుంది. ఇంతసేపూ ఆ మాట చెప్పరేమన్నట్టు చూసి, గోడ మీదకు దిగి, వంగి స్వయంగా తలుపు అడుగు పరిశీలించారు. లేచి నిలబడి, బాబాయిగారి వంక చూసి 'డోర్' అన్నారు, మేస్త్రీగారి వంక చూసి 'రిపేర్' అన్నారు, హెడ్డుగారి వంక చూసి 'బిఫోర్' అన్నారు. దేనికి ముందో చెప్పడం బాబాయిగారికే వదిలేశారు. 'రెయిన్' అని బాబాయిగారు పూర్తి చేశారు. పని మంజూరైంది. ఇన్నేళ్లుగా వాళ్లతో మాట్లాడి మాట్లాడి ఆయన ఇంగ్లీషు కూడా ముగ్గురి మధ్య సర్దుకుందని, అది నా పట్టికలో ఏ గడిలోనూ పట్టదని నాకప్పుడు తెలిసింది.

పడవ వెళ్లిపోయాక ఎవరూ నన్ను ఎగతాళి చేయలేదు, ఆ రోజుకి. బాబాయిగారు ఆత్రేయపురం పూతరేకులు తెప్పించి పెట్టారు. హెడ్డుగారు మాత్రం, "అన్నీ ఒకడే చెప్పేస్తే వినేవాడికి ఊపిరాడదు బాబూ" అని ఓదార్చి, వరసలో నాకూ ఒక చోటిచ్చారు. పంచుకోగా ఇంగ్లీషులో మిగిలినది ఒక్కటే ఉంది గనక అది నాకిచ్చారు. అప్పటినుంచి బాబాయిగారు ఏ వస్తువు పేరెత్తినా దానికి ముందు 'ది' అనడం నా వంతు. మద్రాసు చదువంతా పెట్టి ఆ ఒక్క మాటనీ ఎంత స్పష్టంగా పలికేవాణ్ణో చెప్పలేను. ఉద్యోగం ఖాయమైంది.

ఇప్పుడు ఆ వరస లేదు. బాబాయిగారు కాలం చేశారు, మేస్త్రీగారు కొడుకు దగ్గరికి వెళ్లిపోయారు, హెడ్డుగారు పింఛను పుచ్చుకుని అన్నవరం కొండ కింద ఇల్లు కట్టుకున్నారు. దొరగారూ మారారు. మొన్న కొత్త దొర వస్తే లాకు గోడ మీద నేనొక్కణ్ణే నిలబడ్డాను. కుర్రదొర, ఇంగ్లండు నుంచి వచ్చి నెల కూడా కాలేదు. ఈసారి ఎగువ తలుపు కింద నీరు ఊరుతోందని చెప్పాలి. వాటర్ ఈజ్ కమింగ్ అన్నాను, ఆగాను. నాకు తెలియకుండానే తల కుడి పక్కకి తిరిగింది. అక్కడ ఎవరో గొంతు సవరించుకోవాలి. కాలువ గాలి తప్ప ఏమీ వినిపించలేదు. పాపం, నాకు మాట దొరకడం లేదనుకున్నాడు కుర్రదొర. తలుపు అడుగు వైపు చూసి, మెత్తగా, దయగా, "అండర్?" అని అందించాడు.

మద్రాసులో మొదటి తరగతిలో ప్యాసైన నేను, నవ్వు ఆపుకుని, థాంక్యూ సర్ అన్నాను. ఆ తరవాత 'ది' అని నా వాటా నేను చెప్పుకున్నాను.