చేతిలో పెట్టిన నీలం టబ్బు

ఖమ్మంలో పెద్ద దుకాణంలోకి అడుగుపెట్టి కొత్త ప్లాస్టిక్ వాసన ముక్కుకు తగలగానే నాకు నవ్వొస్తుంది. జూలూరుపాడు దగ్గర మా గూడెంలో పక్కింట్లో ఉండే ముత్తమ్మత్త గుర్తొస్తుంది. నాకు తెలుగులో బేరం నేర్పింది ఆమే.

లోపలి అడవి ఊరి నుంచి నేను ఆ గూడేనికి కోడలిగా వచ్చాను. ఇంట్లో కోయ మాటే. తెలుగు అర్థమయ్యేది గానీ నోరు పెగిలేది కాదు. దానికి తోడు మా పుట్టింటి వైపు చేతిలో పెట్టింది వెనక్కి ఇవ్వడం మర్యాద కాదు. సంతలో అమ్మేవాళ్లకు ఇంకేం కావాలి! వాళ్లు చేతిలో పెట్టేవాళ్లు, నేను డబ్బులిచ్చి తెచ్చేదాన్ని. పావుకిలో చక్కెర చాలని చెప్పడం రాక, కట్టిందంతా మోసుకొచ్చేదాన్ని. మా ఇంటి చీమలకు ఏడాదంతా పండగే. నాకు మాటలు తక్కువైన కొద్దీ ఇంట్లో సామాను ఎక్కువయ్యేది. ఆ ఏడు మాత్రం బీడీల తునికాకు కోసిన డబ్బుతో కుట్టుమిషన్ కొనాలని పట్టుబట్టాను. మిషన్ ఉంటే ఎండలో మిరప చేలకు కూలికి పోయే బాధ తప్పుతుంది. కానీ మిషన్ల దుకాణానికి సంత మధ్యలోంచే నడవాలి.

"గట్ల పోతే మిషన్ కాదు, చీపుర్లు తెస్తవ్" అని ముత్తమ్మత్త నవ్వింది. కల్లూరు వైపు ఏళ్ల తరబడి కూలికి పోయిన మనిషి, తెలుగు గడగడా మాట్లాడేది. ఆ సాయంత్రం మా వాకిట్లో గిన్నెలూ గంటెలూ పరిచి దుకాణం పెట్టింది. "రా చెల్లె, మంచి గంటె, నీ కోసమే తెచ్చిన" అంటూ ఒకటి నా చేతిలో పెట్టింది.

"ఎంత?" అన్నాను.

"ఓ పిల్లా, మీ ఇంటి గంటెనే కొంటున్నవా! 'వద్దన్నా, మళ్ల వస్త' అని కింద పెట్టు. ఎనకకు చూడకు, నడువు."

వాకిలంతా నవ్వులు. అందరికంటే గట్టిగా నవ్వింది నా మొగుడే. నాకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే 'వద్దన్నా, మళ్ల వస్త' అన్న మాట గట్టిగా బయటికొచ్చింది.

సంత రోజు ఒకతను "పట్టు అక్కా" అంటూ పెద్ద నీలం ప్లాస్టిక్ టబ్బు చేతుల్లో పెట్టాడు. కొంగున ముడేసిన డబ్బు తడిమి చూసుకున్నాను. "వద్దన్నా, మళ్ల వస్త" అని టబ్బు కింద పెట్టి నడిచాను. మిషన్ బేరం కూడా నేనే చేశాను, పైన నూనె సీసా అడిగి మరీ తీసుకున్నాను. గర్వంగా బయటికొచ్చేసరికి ఎదురుగా ముత్తమ్మత్త, ఆమె నెత్తి మీద ఆ నీలం టబ్బు!

"ఏందత్తా ఇది?"

"ఏం జెయ్యాలె పిల్లా? నీ ఎనకనే వస్తున్న గద, నువ్వు పోయినంక వాని మొఖం చూసిన. పాపమనిపించింది."

ఇంటికొచ్చాక "ఇగో, గుడ్డ ముక్కలేసుకో" అని ఆ టబ్బు నాకే ఇచ్చింది.

ఆమె పోయి చాలా కాలమైంది. ఇప్పుడు నాకు సొంత కుట్టు దుకాణం ఉంది. కరెంటు మిషన్లు వచ్చాయి. టబ్బు అంచు పగిలితే తీగతో బిగించి పెట్టుకున్నాను. "పారేసి కొత్తది కొందామమ్మా" అని నా బిడ్డ పోరుతూనే ఉంటుంది. వద్దంటాను. ముత్తమ్మత్త నా చేతిలో పెట్టింది కదా.