పెద్ద అర్రకు చిన్న స్పీకర్లు

జనగామలో రేడియోలు, స్పీకర్లు అమ్మే అన్న పోయాడన్న కబురు పొద్దున మా తమ్ముని భార్య భూపాలపల్లి నుంచి ఫోన్ చేసి చెప్పింది. దేవునికి దీపం పెట్టి లేవబోతున్నదాన్ని, మళ్లీ అక్కడే కూర్చుండిపోయాను.

నేను బడికి పోయినదాన్ని కాదు. లింగాల ఘనపూర్‌లో మా ఇంట్లోనే, పత్తి నింపే పెద్ద అర్రలో ఓ మూలన కూర్చోబెట్టి బాపు అక్షరాలు నేర్పాడు. దేవుని మీద ఆయనొక పద్యం చదివితే నేనొకటి చదవాలి. ఆఖరి ఏడు ఆ పద్యాలన్నీ క్యాసెట్‌లో చదివిపెట్టి కన్ను మూశాడు. తరువాత పత్తీ లేదు, మనుషులూ లేరు, అంత అర్రలో నేనొక్కదాన్నే. క్యాసెట్ పెడితే బాపు మాట గోడలకు తగిలి తిరిగొచ్చి, ఒక్క ముక్కా తెలిసేది కాదు.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. బంద్ లేని పూట చూసుకుని జనగామలో ఆ అన్న దుకాణానికి పోయి, పెద్ద అర్రకు పెద్ద స్పీకర్ డబ్బాలే కావాలని పట్టుబట్టాను. అన్న అమ్మలేదు. మర్నాడు తానే స్కూటర్ మీద వచ్చి, అర్ర నడుమ నిలబడి చప్పట్లు కొట్టి, చెవి ఒగ్గి విన్నాడు.

"పెద్దయి పెడితే మోత పెరుగుతది గని మాట పెరుగదక్కా. గీ చిన్నయి రెండు తీస్కో, నువ్వు కూసునే కాడ చెవి ఎత్తున పెట్టుకో."

మోత తగ్గాలని అమ్మ కుట్టిన బొంతలను గోడలకు తానే కట్టి, నలుగురు మనుషులుంటే వీటి పని కూడా లేకుండెనని నవ్వాడు. ఆ మాట గుచ్చుకుంది గానీ, ఆయన చెప్పింది నిజమే; ఆనాటి నుంచి బాపు పద్యాలు తెలియసాగాయి.

కొన్నాళ్లకు ఉద్యమంలో వంటావార్పు అని ఊరంతా రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుతుండగా వాన దంచికొట్టింది. గిన్నెలతో సహా అందరూ మా అర్రలోకి ఉరికొచ్చారు. "మీ బాపును నువ్వొక్కదానివే ఇంటవా బిడ్డా, మాకు గూడ ఇనిపియ్యరాదు?" అని ఒక అవ్వ దెప్పితే క్యాసెట్ పెట్టాను. ఒత్తుకొని కూర్చున్న అంతమంది నడుమ మిగిలిన ఆ మోత కూడా అణిగిపోయింది. ఆఖరి పద్యం అయ్యాక, ఇన్నాళ్లూ ఉత్త గరగర అనుకున్న చోట, బాపు మెల్లగా అన్నాడు.

"ఇగ నువ్వు సదువు, బిడ్డా."

తడి బట్టలతో కూర్చున్న అందరి ముందూ చదివాను.

రాష్ట్రం వచ్చింది, దేవుని దయ. ఇప్పుడు వాన పడితే ఎవరిల్లు వాళ్లది, ఎవరి చెవిలో పాట వాళ్లది. అర్రలో మళ్లీ నేను, బొంతలు, ఆ రెండు చిన్న డబ్బాలు. బాపు ఆఖరి మాట మళ్లీ గరగరలో కలిసిపోయింది. ఉందని తెలుసు గనుక రోజూ దానికి బదులుగా ఒక పద్యం చదువుతాను. మీ ఇంట్లో నలుగురు కూడి కూర్చున్న పూట, పెద్దవి అమ్మనన్న ఆ అన్నను ఒక్కసారి తలుచుకోండి.