నా పళ్లు చూసిన తాత

కుప్పంలో ఆసుపత్రి దంతవిభాగంలో పీజీకి చేరిన కొత్త. పన్ను తీయమని నాకు మొదట అప్పగించింది పుంగనూరు దగ్గరి పల్లె నుంచి వచ్చిన గొర్రెల కాపరి తాతను. కుర్చీలో కూర్చున్నాడు గాని నోరు తెరవడే!

"ముందు నువ్వు తెరువు మ్మా," అన్నాడు.

సంతలో గొర్రె ఎన్ని పళ్లు వేసిందో చూసి, వయసు లెక్కగట్టి గాని బేరమాడని మనిషట. నాకు ఒళ్లు మండింది. ఇంత చదివి సీటు తెచ్చుకుంది ఇందుకా? పక్కనే ఉన్న ప్రొఫెసర్‌ నవ్వుతూ తెరవమని సైగ చేశారు. మాస్కు దించి తెరిచాను. తాత తీరిగ్గా చివరిదాకా చూశాడు.

"ఏం సార్, ఈ పాపకి ఇంకా కడాపండ్లే రాలా. అప్పుడే పట్టకారు చేతికిచ్చినారే!"

నా మొహం చూసి జాలిపడ్డాడో ఏమో, వెనక్కి వాలి, "సరేలే మ్మా, యాడో ఒగచోట నేర్సుకోవాల గదా. నా నోట్లోనే నేర్సుకో," అని నోరు తెరిచాడు.

ఇప్పుడు ఫైనలియర్‌లో ఉన్నాను. వారంగా నాకు తాత చెప్పిన ఆ కడాపన్ను, జ్ఞానదంతం, పొడుచుకొస్తోంది. దవడ వాచింది. తీసేస్తామని జూనియర్లు వెంటపడుతున్నారు. కట్టుడుపళ్ల కోసం తాత సోమవారం వస్తాడు. ఆయన చూసేదాకా ఎవరినీ చెయ్యి పెట్టనివ్వను.