ఇయర్‌బుక్‌లో యాదగిరి ఫొటో

మా చిన్నప్పుడు… హైదరాబాద్ పాతబస్తీ జహనుమాలో మా బడి మేడ మీద పచ్చ పైపు చెళ్ళుమన్న చప్పుడు వినిపిస్తే చాలు, పక్క గదిలో ఉన్నా మా చేతులు ఒళ్ళోకి ముడుచుకునేవి. లెక్కల సారు నీళ్ళ పైపు ముక్క ఒకటి కోసి బీరువా మీద పెట్టుకునేవారు. బెత్తమైతే విరిగిపోతుందట…

మేం పదో తరగతిలో ఉన్న ఏడు, బడిలో మొదటిసారి ఇయర్‌బుక్ వేస్తామన్నారు. నడిపించే పని నాకు అప్పగించారు. ఫొటోలు మా క్లాసు శేఖర్‌వి. వాళ్ళ మేనమామకు పత్తర్‌గట్టిలో పెళ్ళికార్డుల దుకాణం ఉండేది, కెమెరా ఆయనదే. రాతపని నాజియాది. రోజూ ఒక పీరియడ్ మాకు సెలవిచ్చేవారు. ముగ్గురం గదిగదికీ తిరిగి ఫొటోలు తీసేవాళ్ళం.

ఒక మధ్యాహ్నం మా క్లాసు కిటికీ దగ్గరికి వచ్చేసరికి యాదగిరి నేల మీద పడి ఉన్నాడు.

యాదగిరి వాళ్ళది పాల వ్యాపారం. తెల్లవారకముందే బర్రెలు పిండి, ఇళ్ళకు పాలు పోసి బడికొచ్చేవాడు. ఆ రోజు లెక్కల క్లాసులో కునుకు పట్టింది…

సారు చెవి మీద కొడితే కింద పడ్డాడట. లేవబోతే వీపు మీద పైపుతో, ఆపకుండా. గోడవైపు పాకుతుంటే కాలితో తన్నారు. చెవిలోంచి రక్తం కారి తెల్ల చొక్కా కాలరు ఎర్రబడింది. క్లాసంతా తలలు దించుకుని కూర్చుంది.

శేఖర్ కెమెరా ఎత్తాడు. ఫ్లాష్ వెలిగింది.

సారు బయటికొచ్చి, శేఖర్ జుట్టు పట్టుకుని లోపలికి ఈడ్చుకుపోయారు. "ఎవనికి చూపిద్దామనిరా ఫొటో తీస్తున్నవ్?" అంటూ తల బోర్డుకేసి కొట్టారు. మళ్ళీ కొట్టారు. కెమెరా నేలకేసి బాదారు. నేను పరిగెత్తి పైపు పట్టుకున్నాను. విదిలించి కొడితే నా పెదవి చిట్లింది. నోటినిండా ఉప్పగా రక్తం…

నాజియా వరండాలోకి ఉరికి, కింద రోడ్డు మీదికి వంగి అరిచింది. "అరే కోయీ ఆవో! బచ్చోంకు మార్ డాల్‌రే!" ఎవరైనా రండి, పిల్లల్ని చంపేస్తున్నారని.

పైపు మళ్ళీ లేచింది. ఈసారి దిగలేదు… యాదగిరి లేచి సారు మణికట్టు పట్టుకున్నాడు. రోజూ బర్రెలు పిండే చెయ్యి అది. సారు ఎంత గుంజుకున్నా రాలేదు. తిరిగి కొడతాడేమో అనుకున్నాం.

"బస్ సార్… ఇగ చాలు," అన్నాడు. అంతే.

కింద చాయ్ హోటల్లోని మనుషులు మెట్లెక్కి వచ్చేదాకా ఆ పట్టు వదల్లేదు.

మరునాడు ప్రిన్సిపాల్ మేడం మా ఇంటివాళ్ళను పిలిపించారు. కెమెరా పగిలినా అందులో మెమరీ కార్డు బాగానే ఉంది. ఫొటో తుడిచేయండి, లేకపోతే ఇయర్‌బుక్కే ఉండదు అన్నారు. మా బాపు సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీ మధ్యలో ఖాకీ బట్టలతోనే వచ్చాడు. ఎవరి మీదా గొంతు పెంచని మనిషి, ఆ రోజూ పెంచలేదు.

"ఫొటో ఏసుడా ఏయకపోవుడా… అది పిల్లల ముచ్చట మేడం. గా సారు బడిల ఉండుడు మా ముచ్చట. ఆయన పోవాలె. లేకుంటే మేం ఇట్నుంచి సీదా ఠాణాకే పోతం."

యాదగిరి వాళ్ళమ్మా వచ్చింది. కొడుకు చొక్కా, ఉతకకుండా, తెచ్చి మేడం బల్ల మీద పరిచింది.

సారు మళ్ళీ బడికి రాలేదు.

ఆ ఫొటోను నిండు పేజీలో వేయాలని నా పట్టుదల. శేఖర్, నాజియా సరేనన్నారు. యాదగిరే ఒప్పుకోలేదు.

"గా ఫొటో ఏస్తే అందరిండ్లల్ల నా ఏడుపే ఉంటది మంజులా. జిందగీ మొత్తం నేను దెబ్బలు తిన్న పోరన్నేనా?"

"మరి సారు చేసింది అందరికీ ఎట్ల తెలుస్తది?"

"బస్తీ మొత్తం తెల్సింది గద. నాది మంచి ఫొటో ఏయి… మా బర్రెతోని దిగుత."

నవ్వాను. నవ్వితే పెదవి మళ్ళీ చిట్లింది…

శేఖర్ మేనమామ తిట్టుకుంటూనే ఇంకో కెమెరా ఇచ్చాడు. నుదుటి మీద కుట్లతోనే శేఖర్ వెళ్ళి ఆ ఫొటో తీసుకొచ్చాడు. ఇయర్‌బుక్‌లో మేమంతా బెంచీల ముందు బిగుసుకుని నిలబడి ఉంటే, యాదగిరి ఒక్కడే బర్రె మెడ మీద చెయ్యేసి, ఛాతీ విరుచుకుని ఉంటాడు. మేడం చూసి నొసలు చిట్లించారు గానీ తీసేయమనలేదు.

మొన్న మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఎవరో లెక్కల సారు పాత ఫొటో పెట్టారు. 'ఆ దెబ్బల వల్లే మనుషులమయ్యాం' అని రాసి, కింద దండాల బొమ్మలు… యాదగిరీ ఆ గ్రూపులో ఉన్నాడు. చాంద్రాయణగుట్ట దగ్గర సొంత పాల డెయిరీ నడుపుకుంటున్నాడు. ఎడమ చెవి వినబడదు. ఫోను ఎప్పుడూ కుడివైపే పెట్టుకుంటాడు. అతను ఏమీ రాయలేదు. అందుకే నేను ఇక్కడ రాస్తున్నాను.

మా అమ్మాయి బడిలో ఇప్పుడు పైపుల్లేవు, బెత్తాల్లేవు. ఎంత సంతోషమో… వాళ్ళ ఇయర్‌బుక్ పనంతా ఎవరింట్లో వాళ్ళు కూర్చుని ఫోన్లలోనే కానిచ్చేస్తారు. మా ముగ్గురిలా భుజాలు రాసుకుంటూ వరండాల్లో తిరగడం వాళ్ళకు తెలీదు. మేమూ ఒకచోట కూర్చుని ఎన్నేళ్ళయిందో…

కొట్టిన సార్ల కథలు అందరం చెప్పుకుంటూనే ఉంటాం. మీ బడిలో మీ కోసం దెబ్బకు అడ్డుపడిన దోస్తు ఎవరు? ఇప్పుడెక్కడున్నారు? కింద వాళ్ళ పేరొకటి రాయండి… వాళ్ళ కంట పడుతుందేమో.