కూకా ఒంటరిగా దిగిన ఏటవాలు

కూకాకు తల్లిదండ్రులు పెట్టిన పేరు రెఫూహియో. ఆ పేరుతో ఆమెను పిలిచింది మాత్రం హలాపా అనే ఆ కొండ ఊళ్ళో బాప్తిస్మమిచ్చిన ఫాదరొక్కడే. ముప్పై ఒకటో ఏట కాఫీ మూటల లారీ మీంచి పడింది. నడుము కింద స్పర్శ పోయింది. అప్పటినుంచి తొమ్మిదేళ్ళు చక్రాల కుర్చీని అక్క నియెవెస్ తోసింది.

నియెవెస్ మంచితనం గురించి వేరే చెప్పాలా? చెల్లెలి కోసం కుదిరిన పెళ్ళి కూడా వదులుకున్న మనిషి. కానీ ఎక్కడ ఆగాలో, ఎవరితో ఎంతసేపు మాట్లాడాలో అంతా తోసేవాళ్ళ చేతిలోనే ఉంటుంది. కూకా పూల కొట్టు ముందు ఆగుదామనుకునేలోపే కుర్చీ మలుపు తిరిగిపోయేది.

ఆ ఏడు వాళ్ళ ఏటవాలు వీధి దిగువనున్న మార్కెట్లో జిప్పులు, చిరుగులు బాగుచేసే ముసలామె పని మానుకుంటూ తన కుట్టుమిషనూ కొట్టూ కూకాకు అప్పగిస్తానంది. పొద్దున ఎనిమిదికల్లా కొట్టు తెరవాలన్నదొక్కటే షరతు. నియెవెస్ ఇంతెత్తున లేచింది.

"ఆ వాలులో ఒంటరిగానా? నేను చచ్చాక వెళ్ళు!"

"నువ్వు నూరేళ్ళు బతుకుతావక్కా. అప్పటికి ఆ కొట్టుండదు."

వారం రోజులు ఇల్లు రణరంగమైంది. చివరికి నియెవెస్ దిగివచ్చి, "సోమవారం ఒక్కసారి వెళ్ళు. దారిలో పడ్డావో, ఎవడో నిన్ను ఎత్తాల్సొచ్చిందో, ఇక ఈ జన్మలో ఆ మాట ఎత్తకు" అంది.

కూకా అంత ధైర్యంగా ఒప్పుకుందంటే ఆ పుణ్యం ఫిలెమోన్‌ది. ఒకప్పుడు బస్సు డ్రైవరు, ఇప్పుడు ఆయనదీ చక్రాల కుర్చీయే. చర్చి వెనక ఆటస్థలంలో శనివారాలు పాఠం చెప్పేవాడు. ముందు చిన్న చక్రాలు లేపి గుంట దాటడం, వాలులో చక్రాల అంచును అరచేతుల్లోంచి కొద్దికొద్దిగా జారనివ్వడం, పట్టు తప్పితే కుర్చీని వాలుకు అడ్డంగా తిప్పేయడం. పడితే ఎలా పడాలో కూడా నేర్పాడు. "ఎవరైనా చెయ్యెయ్యబోతే సిగ్గుపడకు తల్లీ. ముట్టుకోవద్దని గట్టిగా కేకెయ్" అనేవాడు.

సోమవారం పొద్దున ఏడున్నరకు కూకా చేతులకు తొడుగులు వేసుకుని గడప దాటింది. సన్నటి తుంపర పడుతోంది, హలాపాలో అదేం వింత కాదు. సంగతి వీధంతా పాకింది. అందరూ తలుపుల్లోకి వచ్చి నిలబడ్డారు.

అక్కడ ఆడవాళ్ళు పొద్దున్నే ఎవరి వాకిలి వాళ్ళు బట్టలుతికిన సబ్బునీళ్ళతో కడగాలి. కడగని ఇంటిని వారం రోజులు నోళ్ళలో నానుస్తారు. మూడిళ్ళ అవతలి చోలే పిన్ని ఆ రోజు తన వాకిలితో ఆగలేదు. పాపం, కూకా చేతులకు మట్టి అంటకూడదని నాలుగు బకెట్ల సబ్బునీళ్ళతో వాలంతా తళతళలాడేలా రుద్దిపెట్టింది. చీపురు పట్టుకుని, మెచ్చుకోలు కోసం నిలబడింది.

కూకాకు ఆ నురగ కనబడేసరికే చక్రాలు దాని మీదున్నాయి. అంచులు పట్టుకుంది, తడిసిన తొడుగులు జర్రున జారాయి. కుర్చీ వేగం అందుకుంది.

"పట్టుకోండ్రోయ్!" రొట్టెల కొట్టు బౌదేలియో ఎగిరొచ్చి కుర్చీ చేతిని గట్టిగా పట్టి లాగాడు. ఆ కుర్చీ చేతులు ఊడదీసి పెట్టుకునే రకం. అది ఊడి వాడి గుప్పిట్లో మిగిలింది. వాడు వెల్లకిలా పడ్డాడు. మరో నలుగురు పరిగెత్తారు.

"ఎవ్వరూ ముట్టుకోకండి!" కూకా అరుపుకు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు.

ఎడమ చక్రాన్ని అరచెయ్యి మండిపోయేలా నొక్కింది. కుర్చీ గిర్రున అడ్డం తిరిగి, ఒక బారెడు పక్కకి జారి, కాలిబాట అంచుకు తగిలి ఆగింది. కూకా కుర్చీలోనే ఉంది.

ఆమె తొడుగు లాగి అరచెయ్యి చూసుకుంది. తర్వాత, "బౌదేలియో, నా కుర్చీ చెయ్యి నాకిచ్చేయ్. ఇంట్లో అలంకారంగా పెట్టుకుంటావా ఏంటి?" అంది.

వీధంతా నవ్వింది. చోలే పిన్ని మాత్రం ఏడుస్తోంది. "నా చేతులు విరిగిపోనూ! నిన్ను చంపేసేదాన్నే తల్లీ!"

"నాకోసం ఇంత వీధి కడిగింది మీరొక్కరే పిన్నీ. ఇప్పుడా నురగ పోయేలా ఉత్త నీళ్ళు పోయించండి. రేపట్నుంచి నేను వెళ్ళాక కడుగుదురుగాని."

చోలే పిన్ని కంటే ముందు పక్కింటివాళ్ళు బకెట్లతో పరిగెత్తారు. కూకా తొడుగులు తుడుచుకుని, నురగంతా కొట్టుకుపోయేదాకా ఆగి, అంగుళం అంగుళం దిగింది. ఎనిమిదికి అయిదు నిమిషాలుండగా కొట్టు తలుపు తీసింది. మొదటి గిరాకీ ఒక స్కూలు సంచి జిప్పు.

మధ్యాహ్నం నియెవెస్ చిక్కుడుగింజల ముద్ద పెట్టిన మొక్కజొన్న రొట్టెలు తెచ్చింది. ఆమె లంగా అంచంతా తడిసి, సబ్బు చారలు కట్టి ఉంది.

"వీధిలోనే ఉన్నావా అక్కా?"

"కరెంటు స్తంభం వెనక. నువ్వు జారుతుంటే దాన్ని వాటేసుకుని నిలబడ్డా. వదిలితే నీ దగ్గరికి వచ్చేస్తానని. నేనొచ్చి పట్టుకుంటే ఇంకెప్పుడూ నిన్ను పంపనని నాకు తెలుసు."

తొమ్మిదేళ్ళు తోసినందుకు అక్కకు కూకా ఎన్నోసార్లు దండం పెట్టుకుంది. ఆ పొద్దున పట్టుకోకుండా ఆగినందుకు మాత్రం ఆ గరుకు చేతులు రెండూ తీసుకుని కళ్ళకద్దుకుంది.

"చాల్లే, రొట్టె చల్లారిపోతుంది" అంది నియెవెస్. వెళ్ళబోయి, గుమ్మంలో ఆగింది. "సాయంత్రం ఎక్కుడు దారి కదా. నన్ను రమ్మంటావా?"

ఆమె అలా అడగడం అదే మొదటిసారి.

"రా అక్కా. పక్కన నడువు. తొమ్మిదేళ్ళుగా వీధిలో నీ గొంతే విన్నాను, నీ మొహం చూడలేదు."